ఇంట్లో బెర్రీ స్మూతీకి ఏది కొనాలి: బ్లూబెర్రీ డబ్బానా, ఫ్రోజెన్ ప్యాకెట్టా, మన నేరేడు కాయలా?

మా అపార్ట్‌మెంట్‌లో ఈ మధ్య ముగ్గురు నన్ను ఒకటే అడిగారు, అక్కా మీ ఇంట్లో రోజూ ఊదారంగు జ్యూస్ తాగుతున్నారు కదా అది దేంతో చేస్తారు, బ్లూబెర్రీ కొనాలంటే భయమేస్తుంది రేటు చూస్తే అని. విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాసేద్దామని కూర్చున్నా. మేం ఉండేది నెల్లూరు, మా పుట్టిల్లు కనిగిరి పక్కన పల్లె, కాబట్టి నేను చెప్పేది ఈ రెండు వైపులా దొరికే వాటి గురించే. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండేవాళ్ళకి లెక్క వేరేగా ఉంటది.

ముందే నా మాట చెప్పేస్తా, చదివే టైం లేనోళ్ళు ఇక్కడిదాకా చదివినా చాలు. జూన్, జులైలో నేరేడు కాయలు, అవి దొరికినప్పుడే గుజ్జు తీసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే ఇంకో మూడు నాలుగు నెలలు వస్తాయి. అవి అయిపోయాక ఫ్రోజెన్ స్ట్రాబెర్రీ. జనవరి, ఫిబ్రవరిలో తాజా స్ట్రాబెర్రీ బాగున్నవి కనపడితే అవి. తాజా బ్లూబెర్రీ మాత్రం తినడానికి కొనుక్కోండి, మిక్సీలో వేయడానికి కాదు. సిరప్పులు, క్రష్‌లు అసలొద్దు.

ఇప్పుడు ఎందుకో చెప్తా.

మా నాయనకి రెండేళ్ళ కింద షుగర్ బార్డర్‌లో ఉందని రిపోర్ట్ వచ్చింది, అదే టైంలో ఇంటర్ చదివే మా వాడు ఫోన్‌లో వీడియోలు చూసి బ్లూబెర్రీ స్మూతీ అని గోల మొదలుపెట్టాడు. సరేలే ఇద్దరికీ మంచిదే కదా అని ఒక షాపులో 125 గ్రాముల డబ్బా కొన్నా, మూడు వందల దాకా పడింది. పైనుంచి చూస్తే నిగనిగలాడతా ఉండాయి. ఇంటికొచ్చి గిన్నెలోకి వంచితే అడుగున ఉన్న మెత్తటి కాగితానికి ఐదారు కాయలు అతుక్కుపోయి, వాటి మీద దూదిలాగా బూజు. అక్కడ్నుంచి డబ్బా తిరగేసి అడుగు చూడకుండా కొనడం మానేశా. అడుగున ఊదారంగు తడి మరక కనపడిందంటే లోపల కాయలు చితికినట్టే, పెట్టేయండి అక్కడే.

ఇంకొకటి, బ్లూబెర్రీ మీద బూడిద పూసినట్టు తెల్లగా ఉంటది, దాన్ని చూసి పాడైందని కొందరు పారేస్తారు. అది పాడవడం కాదు, నల్ల ద్రాక్ష మీద ఉండేలాంటి సహజమైన మైనం పొర, వేలితో తుడిస్తే పోతుంది, కాయంతా సమానంగా ఉంటది. బూజైతే అలా ఉండదు, తొడిమ దగ్గరో రెండు కాయలు ఆనుకున్న చోటో నూగులాగా లేస్తుంది. ఆ తెల్ల పొర ఉన్నన్నాళ్ళు కాయ లోపల తడి పోదు కాబట్టి తినే ముందే కడగండి, తెచ్చిన రోజే కడిగి ఫ్రిజ్‌లో పెట్టొద్దు.

బ్లూబెర్రీ మంచిది కాదని నేను అనట్లేదు. 100 గ్రాముల్లో 57 క్యాలరీలు, 10 గ్రాముల దాకా చక్కెర, రెండున్నర గ్రాముల దగ్గర పీచు, ఆ నీలం రంగునిచ్చే ఆంథోసయనిన్లు బాగా ఉంటాయి. కాకపోతే మనకొచ్చేవి చాలావరకు పెరూ, చిలీ లాంటి దేశాల నుంచి వస్తాయి, అంత దూరం వచ్చి, మళ్ళీ పెద్ద సిటీల నుంచి మన దాకా చేరేసరికి రేటూ పెరుగుతుంది, తాజాదనమూ తగ్గుతుంది. ఒక గ్లాసు స్మూతీకి తక్కువలో తక్కువ 100 గ్రాములు కావాలి, అంటే డబ్బా దాదాపు మొత్తం ఒక్క గ్లాసుకే. మూడు వందలు పోసి కొన్నదాన్ని పెరుగులో కలిపి మిక్సీ కొట్టేస్తే ఆ కాయ రుచి కూడా తెలీదు. పిలకాయల చేతిలో పది పెడితే ఒక్కోటి నోట్లో వేసుకుని సంతోషంగా తింటారు, దానికే దాన్ని వాడండి.

తాజా స్ట్రాబెర్రీ సంగతి. మనకు ఎక్కువగా వచ్చేవి మహాబలేశ్వరం వైపు నుంచి, మన రాష్ట్రంలో లంబసింగి దగ్గర కూడా పండిస్తున్నారు. చలికాలం పంట, డిసెంబర్ నుంచి మార్చి దాకా. నిజం చెప్పాలంటే షుగర్ ఉన్నోళ్ళకి, బరువు తగ్గాలనుకునేవాళ్ళకి బెర్రీలన్నిట్లో దీనికే నా ఓటు, ఎందుకంటే 100 గ్రాములకి 32 క్యాలరీలే, చక్కెర 5 గ్రాములు కూడా ఉండదు, విటమిన్ సి మాత్రం 59 మిల్లీగ్రాముల దాకా ఉంటది. చూసి కొనాల్సింది ఒకటే, భుజాల దాకా, అంటే ఆకుపచ్చ తొడిమ కిందదాకా ఎర్రగా ఉందా లేదా అని. మామిడి కాయలాగా ఇంటికి తెచ్చి పెడితే పండుతుందిలే అనుకోవద్దు, స్ట్రాబెర్రీ కోశాక పండదు, తెల్ల భుజాలతో కొంటే తెల్లగానే ఉంటది, పుల్లగానే ఉంటది, ఆ పులుపు కప్పడానికి మనం పంచదార వేస్తాం, అంతటితో ఆరోగ్యం కోసం మొదలుపెట్టిన పని కాస్తా పోయినట్టే. రెండ్రోజులకి మించి నిలవుండదు. మిగిలితే తొడిమ తీసి, కడిగి, బాగా తుడిచి, పళ్ళెంలో విడివిడిగా పరిచి ఫ్రీజర్‌లో పెట్టి, గట్టిపడ్డాక కవర్లో వేసుకోండి. అన్నీ ఒకేసారి కవర్లో వేసి పెడితే ఒక ముద్ద అయిపోయి తర్వాత రోకలితో కొట్టాల్సొస్తుంది.

ఇక ఫ్రోజెన్ ప్యాకెట్లు. చాలామంది ఫ్రోజెన్ అనంగానే మూతి విరుస్తారు, నిలవ సరుకని. నేనూ అట్నే అనుకున్నా మొదట్లో. కానీ ఇవి పండినప్పుడే కోసి గంటల్లోనే గడ్డకట్టిస్తారు కాబట్టి పోషకాలు పెద్దగా పోవు, వారం పదిరోజులు ప్రయాణం చేసిన తాజా కాయకంటే ఒక్కోసారి ఇదే మేలు. పైగా ఐస్ వేయాల్సిన పని లేదు, స్మూతీ చిక్కగా వస్తది. కిలో ప్యాకెట్ తీసుకుంటే పది గ్లాసులు, స్ట్రాబెర్రీ అయితే బ్లూబెర్రీ రేటులో సగం కూడా ఉండదు.

అయితే మన ఊళ్ళలో దీనికి పెద్ద ఇబ్బంది ఒకటుంది, ఎండలు. మే నెలలో నెల్లూరు ఎట్టా ఉంటదో మీకు నేను చెప్పాలా. లారీ నుంచి షాపుకి, షాపు ఫ్రీజర్ నుంచి మన బండి డిక్కీకి, మధ్యలో కరెంట్ పోతే ఇంకొకసారి, ఇట్టా కరిగి గడ్డకట్టి కరిగి గడ్డకట్టిన ప్యాకెట్ మన చేతికొస్తుంది. కనుక్కోవడం తేలికే, కొనేముందు ప్యాకెట్ పట్టుకుని ఊపండి. గోలీలు ఊపినట్టు గలగలమనాలి. ఒకటే బండరాయిలాగా ఉన్నా, లోపల ఎర్రటి మంచు గడ్డ పలకలాగా కనపడినా అది ఒకసారి కరిగిందని అర్థం. ఒకసారి నాకు ఆన్‌లైన్‌లో తెప్పించిన ప్యాకెట్ అట్టాంటిదే వచ్చింది, మెత్తగా అయిపోయి రసం కారతా, అయినా డబ్బులు పోసినాం కదా అని వాడితే స్మూతీ నీళ్ళలాగా, ఒకరకం పులిసిన వాసన. అప్పట్నుంచి షాపుకే పోయి, ఇంట్లో ఉన్న థర్మాకోల్ డబ్బా తీసుకెళ్ళి, అన్ని సామాన్లూ కొన్నాక చివర్లో ఇది తీసుకుంటున్నా. ఇంకో మాట, గడ్డకట్టిస్తే సూక్ష్మజీవులు అన్నీ చావవు, చాలావరకు నిద్రపోతాయంతే. కాబట్టి గర్భంతో ఉన్నోళ్ళకి, ఒంట్లో శక్తి తక్కువున్న పెద్దోళ్ళకి చేసేటప్పుడు ఒక పొంగు వచ్చేదాకా ఉడికించి చల్లార్చి వాడండి, రుచి కొంచెం మారుతుంది గానీ మనసుకి నిమ్మళంగా ఉంటది.

ఇప్పుడు నాకు ఇష్టమైన దాని దగ్గరికి వచ్చాం, నేరేడు.

తమాషా ఏందంటే వృక్షశాస్త్రం లెక్కలో స్ట్రాబెర్రీ అసలు బెర్రీ కాదు, మన నేరేడు మాత్రం బెర్రీనే. అయినా బెర్రీ స్మూతీ అంటే ఎవరికీ నేరేడు గుర్తుకు రాదు, రోడ్డు మీద తట్టలో ఉంటది కాబట్టి. ఆ ఊదారంగు చూడండి, నాలుక రెండు గంటలు రంగు వదలదు, ఆ రంగు బ్లూబెర్రీలో ఉన్న ఆంథోసయనిన్ల కుటుంబానిదే. 100 గ్రాములకి 60 క్యాలరీలు, 15 గ్రాముల పిండిపదార్థం, అంటే క్యాలరీల్లో బ్లూబెర్రీకీ దీనికీ పెద్ద తేడా లేదు. తేడా అంతా రేట్లోనే, సీజన్ మధ్యలో కిలో నేరేడు రేటుకి బ్లూబెర్రీ ఒక్క డబ్బా కూడా రాదు, పొద్దున కోసింది మధ్యాహ్నానికి మన ఇంట్లో ఉంటది.

మా వైపు పల్లెల్లో చెరువు కట్టల మీద, చేల గట్ల మీద ఉంటాయి చెట్లు. నెల్లూర్లో అయితే తోపుడు బళ్ళ మీద, తట్టల్లో పెట్టుకుని కూర్చుంటారు, రాపూరు వైపు నుంచో ఉదయగిరి వైపు నుంచో తెచ్చామని చెప్తారు. రెండు రకాలు వస్తాయి, పొడుగ్గా లావుగా కండ ఎక్కువుండే అల్లనేరేడు, గుండ్రంగా చిన్నగా వగరెక్కువుండే చిట్టి నేరేడు. తినడానికి ఏదైనా సరే గానీ స్మూతీకి అల్లనేరేడే, చిట్టి నేరేడులో గింజ తప్ప మిగిలేదేమీ ఉండదు, చాకిరీ దండగ. ఒక గట్టి వాన పడ్డాక కొంటే మాత్రం నాలుగు కాయలు అక్కడే చీల్చి చూసుకోండి, పురుగు ఉంటది. అమ్మే ఆమె ఏమనుకుంటుందో అని మొహమాటపడొద్దు, వాళ్ళే చీల్చి చూపిస్తారు.

గుజ్జు తీయడం ఎట్టాగంటే, కాయల్ని ఉప్పు నీళ్ళలో పది నిముషాలు నానబెట్టి, మళ్ళీ మంచినీళ్ళతో కడిగి, లోతైన గిన్నెలో వేసి చేత్తో చితకండి, చింతపండు పిసికినట్టు. గింజలు జారి బయటికొస్తాయి, తీసేయండి. గింజతో సహా మిక్సీలో వేయొద్దు, బ్లేడు పాడవడం అటుంచి చేదు దిగుతుంది. తొక్క మాత్రం తీయొద్దు, రంగూ పీచూ ఎక్కువ అందులోనే. కిలో కాయలకి అరకిలో పైన గుజ్జు వస్తది. దాన్ని ఐస్ ట్రేలో గరిటతో పోసి ఫ్రీజర్‌లో పెట్టి, గట్టిపడ్డాక ముక్కలు ఊడదీసి కవర్లో వేసి, గాలి నొక్కేసి మూతి కట్టేయండి. ఒక గ్లాసుకి నాలుగు ముక్కలు. మా అమ్మ ట్రే లేక ఇడ్లీ పళ్ళేల్లో పోసి పెట్టింది, కన్నాలు లేని పళ్ళేలు, ఒక్కో గుంట ఒక్కో గ్లాసుకి సరిగ్గా సరిపోయింది, నాకు ఆ పద్ధతే ఇంకా నచ్చింది. పాత చీర ముక్క కింద పరుచుకోండి, మరక పడితే పోదు.

వగరు గురించి అందరూ భయపడతారు. ఆ వగరు టానిన్ల వల్ల వస్తుంది, అవి మన నోట్లోని ప్రోటీన్‌ని పట్టుకుంటాయి, అందుకే నాలుక బిరుసెక్కినట్టుంటది. పెరుగు కలిపితే పెరుగులో ప్రోటీన్‌ని పట్టుకుంటాయి, మన నాలుకని వదిలేస్తాయి. అందుకే నేరేడుకి పెరుగంత మంచి జోడీ లేదు. పాలు పోసి చూశా ఒకసారి, తునకలు తునకలుగా విరిగినట్టు అయింది, ఎవరూ తాగలా. చివర్లో చిటికెడు ఉప్పు, నాలుగు చుక్కలు నిమ్మరసం వేయండి. నిమ్మకాయకి మనకేం కొదవ, గూడూరు, పొదలకూరు మార్కెట్లు మనకి దగ్గర్లోనే ఉండాయి కదా. పులుపు తగలంగానే ఆ మబ్బు ఊదారంగు ఎర్రగులాబీ వైపు తిరుగుతుంది, గ్లాసులో కళ్ళ ముందే మారుతుంది, పిలకాయలకి అది చూపించి తాగించొచ్చు.

షుగర్‌కి నేరేడు మందు అని అందరూ అంటారు, మా నాయన కూడా ఆ మాట పట్టుకుని మాత్ర ఆపేస్తానన్నాడు. దయచేసి ఆ పని చేయొద్దు, చేయనీయొద్దు. పండు పండే, మాత్ర మాత్రే. గింజల పొడి వాడాలనుకుంటే మీ డాక్టర్‌కి చెప్పి వాడండి, మాత్రలతో కలిసి షుగర్ మరీ కిందికి పడిపోతే అది ఇంకా ప్రమాదం.

మిగతా మన కాయలు త్వరగా చెప్పేస్తా. రేగుపండ్లు మా కనిగిరి వైపు సంక్రాంతికి కుప్పలు, భోగిపండ్లు పోశాక మిగిలినవి స్మూతీ చేద్దామని చూశా, పిండిపిండిగా వస్తది, బాగోదు, వాటిని ఉప్పూ కారం వేసుకుని తినాల్సిందే. వాక్కాయ బాగా పులుపు, పప్పులోకి పెట్టుకోండి. ఉసిరికాయ సగం ముక్క నేరేడు స్మూతీలో వేస్తే మాత్రం విటమిన్ సి బాగా పెరుగుతుంది, అంతకుమించి వేస్తే ఉసిరి రుచి తప్ప ఏదీ తెలీదు. నల్ల ద్రాక్ష ఏడాదిలో చాలా నెలలు దొరుకుద్ది, రంగూ బాగుంటది కానీ 100 గ్రాములకి 15, 16 గ్రాముల చక్కెర, పిలకాయలకి సరే, షుగర్ ఉన్నోళ్ళకి వద్దు.

సీసాల్లో వచ్చే స్ట్రాబెర్రీ క్రష్, బ్లూబెర్రీ సిరప్ ఇవి వేసి స్మూతీ అనుకుంటే తప్పు. సీసా వెనక పదార్థాల వరస చదవండి, ఏది ఎక్కువుంటే అది ముందు రాయాలని రూల్, చాలావాటి మీద మొదటి పేరు పంచదారే ఉంటది. తేనె వేస్తే ఏం కాదనుకుంటారు, తేనె కూడా చక్కెర లెక్కే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన లెక్క ప్రకారం పెద్దోళ్ళకి రోజు మొత్తానికి విడిగా చేరే చక్కెర 25 గ్రాముల లోపు ఉంటే మంచిది, అంటే ఆరు టీస్పూన్లు, అందులో తేనె కూడా కలుస్తుంది. ఏడాది లోపు బిడ్డలకి తేనె చుక్క కూడా పెట్టొద్దు. తీపి కావాల్సిందే అంటే నానబెట్టిన ఖర్జూరం ఒకటి వేయండి, తీపితో పాటు పీచన్నా వస్తది.

అరటిపండు సంగతి చెప్తే చాలామందికి నచ్చదు, నాకూ నచ్చలా మొదట. చిక్కదనం కోసం అందరం వేస్తాం కదా. 2023లో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ వాళ్ళు చేసిన చిన్న పరిశోధనలో, అరటిపండు కలిపిన స్మూతీ తాగినోళ్ళ ఒంట్లోకి ఫ్లావనాల్స్ అనే మంచి పదార్థాలు 84 శాతం తక్కువ చేరాయని తేలింది, అదే కలగలుపు బెర్రీల స్మూతీ తాగినోళ్ళకి అట్టా తగ్గలా. అరటిని కోసి పెడితే నల్లబడుతుందే, ఆ నల్లబరిచే ఎంజైమే కారణం. అరటిపండు చెడ్డదని కాదు, విడిగా తినండి, బెర్రీల్లో మాత్రం కలపకండి. చిక్కదనానికి గట్టి పెరుగు, లేదంటే ఒక స్పూన్ నానబెట్టిన సబ్జా గింజలు. చియా కొనక్కర్లేదు, సబ్జా మన పచారీ కొట్లో దొరుకుద్ది, పది నిముషాల్లో ఉబ్బుతుంది, మన ఎండలకి చలవ. పొద్దున టిఫిన్ బదులు తాగాలంటే చల్లారిన పల్చటి రాగిజావ అరగ్లాసు, పెరుగు పావుగ్లాసు, నేరేడు గుజ్జు నాలుగు ముక్కలు, ఇది మా ఆయన ఆఫీసుకి పోయే రోజుల్లో తాగేది, పన్నెండింటి దాకా ఆకలనడు. కొబ్బరినీళ్ళతో కూడా చేస్తారు కొందరు, పల్చగా బానే ఉంటది, కాకపోతే కిడ్నీ ఇబ్బంది ఉన్నోళ్ళు కొబ్బరినీళ్ళు, అరటిపండు, ఖర్జూరం ఇవేవీ డాక్టర్‌ని అడగకుండా వేసుకోవద్దు, పొటాషియం ఎక్కువ.

మిక్సీ ఉంటే బ్లెండర్ కొనే పని లేదు. సీసాలాగా ఉండే చిన్న బ్లెండర్లు ఇంట్లో ఒక్కరే ఉండేవాళ్ళకి, హాస్టల్ పిలకాయలకి బాగుంటాయి, కానీ గడ్డకట్టిన కాయలు వేస్తే మోటారు మూలుగుతుంది. 750 వాట్ల మామూలు మిక్సీ చాలు. తప్పు ఎక్కడ చేస్తామంటే ముందు గడ్డ కాయలు వేసి పైన పెరుగు పోస్తాం, అప్పుడు బ్లేడు గాల్లో తిరుగుతుంది. ముందు పెరుగు, నీళ్ళు, పైన కాయలు. ఫ్రీజర్ లోంచి తీసి పది నిముషాలు బయట పెట్టి, వెనక్కి తిప్పే ఆ పల్స్ మీద నాలుగైదు సార్లు ఆపి ఆపి కొట్టి, తర్వాత ఒకటి మీద అర నిముషం. అంతకంటే ఎక్కువ తిప్పితే జారు వేడెక్కి పెరుగు పల్చబడుతుంది. వడగట్టొద్దు, వడగట్టారంటే పీచు పోయి మామూలు జ్యూస్ అయిపోతుంది.

కొలతలు: ఒక గ్లాసుకి 100 గ్రాముల ఫ్రోజెన్ స్ట్రాబెర్రీ లేదా నాలుగు ముక్కల నేరేడు గుజ్జు, ఒక చిన్న కప్పు తియ్యటి పెరుగు, పావుగ్లాసు నీళ్ళు, స్పూన్ సబ్జా. పెరుగు ఆ రోజు తోడుకున్నదే వాడండి, మన ఎండలకి మధ్యాహ్నానికే పులుస్తుంది, పులిసిన పెరుగుతో నేరేడు కలిస్తే గొంతు దిగదు. మా నాయనకి మాత్రం అరగ్లాసే ఇస్తా, అదీ అన్నం తిన్న వెంటనే కాదు, సాయంత్రం నాలుగింటికి, గుప్పెడు వేయించిన వేరుశనగ గింజలతో. ఇంకా వీలైతే షుగర్ ఉన్నోళ్ళకి పండు కొరుక్కుని తినడమే మేలు, తాగితే త్వరగా లోపలికి పోతుంది, తింటే నెమ్మదిగా పోతుంది. నాయన పళ్ళు ఊడిపోయాయి కాబట్టి మాకు స్మూతీ తప్పలా.

చేసిన అరగంటలో తాగేయండి, ఆ తర్వాత నీళ్ళు తేలి రంగు మాసిపోతుంది. మిగిలితే ఫ్రిజ్‌లో దాచకుండా కుల్ఫీ అచ్చుల్లో పోసి పుల్ల గుచ్చి ఫ్రీజర్‌లో పెట్టేస్తా నేను, సాయంత్రం ట్యూషన్ నుంచి వచ్చే పిలకాయలు చెప్పులు విప్పకుండానే ఫ్రిజ్ దగ్గరికి పోతారు.